చిక్కెంటికల బొమ్మ

మా మనవరాలు నా కొంగు చేతికి చుట్టుకుంటెనే నిద్రపోయేది. నేను అటు తిరిగి కొంగు గుంజుకున్ననంటే లేచి కూసునేది. తండ్రి పోయినంక ఆ అలవాటు ఇంకా ఎక్కువైంది.

నా కొడుకు మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి లారీ నడిపేటోడు. ఆ లారీ బోల్త పడి పోయిండు. వాని తండ్రి అంతకు ముందే పోయిండు. మిర్యాలగూడల కిరాయి ఇంట్ల ముండమోసినోళ్లం ఇద్దరం, నడుమ ఒక చిన్నపిల్ల. నేను బియ్యం మిల్లుల ఊక ఊడ్చేదాన్ని. నన్ను చూసుకుంట కోడలు ఎన్నొద్దులని ఉంటది? కోదాడల వాళ్లన్నకు బట్టల దుకాణం ఉన్నది. పిల్లను మంచి బడిల ఏస్తమన్నరు. పోవద్దనే నోరు నాకు ఏడిది? పోయేటప్పుడు ఆటో కాడ నిలబడి కోడలు ఒక్క మాట ఇచ్చింది. "అత్తమ్మా, సెలవులు ఎప్పుడొస్తె అప్పుడు పిల్లను నీ దగ్గరికి పంపుత" అన్నది.

నాకు మిగిలింది ఆ మాట ఒక్కటే. నాకు చదువు రాదు. మిల్లుల క్యాలెండర్ చదవవచ్చినోళ్లను పట్టుకొని, బడి సెలవులు ఎప్పుడిస్తరని అడిగేదాన్ని. "ఏందవ్వా, నువ్వేమన్న పరీక్ష రాస్తున్నవా?" అని నవ్వేటోళ్లు. నవ్వితె నవ్విండ్రు. చెప్పేటోళ్లు గద.

ఎండాకాలం సెలవులకు కోడలే పిల్లను తెచ్చి దించింది. మాట నిలబెట్టుకున్నది. కాని ఒక బాధ చెప్పింది. "నీ కొంగు అలవాటు చేసినవు అత్తమ్మా. ఆడ అది రాత్రిపూట సక్కగ పండుతలేదు. నా కొంగు ఇస్తె ఇసిరి కొడుతది. మా అన్న ప్లాస్టిక్ బొమ్మ కొనిచ్చిండు, కండ్లు మూసి తెరుస్తది. అయినా పండదు."

పిల్లను అడిగిన, ఆ బొమ్మ మంచిగ లేదా అని. "పట్టుకుంటె సల్లగుంటది నాయనమ్మా. సచ్చినట్టు" అన్నది.

తండ్రిని ఆఖరుసారి ముట్టుకున్న పిల్ల అది. దానికి గుడ్డబొమ్మ చేసియ్యాలె అనుకున్న, మా అమ్మ చేసినట్టు.

మా అమ్మది సూర్యాపేట దిక్కు ఊరు. గొర్లు కాసేటోళ్లం. ఆమె చేసే బొమ్మకు కట్టె ఉండది, తీగ ఉండది. పాత ధోతి గుడ్డను గట్టిగ చుట్ట చుట్టి నడుమకు మడిచి, మడతల గొర్లబొచ్చు ఉండ పెట్టి కింద దారంతోని బిగిస్తె అది తలకాయ. ఇంకో చుట్ట మెడ కింద అడ్డంగ దూర్చి కడితె చేతులు. కాళ్లు చెయ్యకపోయేది. "లంగ కింద కాళ్లు ఎవడు సూస్తడే" అనేది. కాళ్ల జాగల సంచి లెక్క కుట్టి నింపితె బొమ్మ తనంతట తాను కూసుంటది. మా అమ్మ సంచిల కూడ గొర్లబొచ్చే పెట్టేది. నాకు గొర్లు ఏడ ఉన్నయి? తలకాయకు దూది పెట్టిన. కిందికి మిల్లు ఊక జల్లెడ పట్టి నింపిన. మెత్తటిదే పోసిన, పిల్లకు గుచ్చుకోవద్దని.

మొఖానికి ఉతికి ఉతికి పలచబడ్డ తెల్లగుడ్డ గుంజి కట్టాలె. రెండు వేళ్లతోని గిచ్చి పట్టి ఒక్క కుట్టు ఏస్తె ముక్కు లేస్తది. కండ్లకు నల్లదారం. నోరు ఎర్రదారం. నోరు ఎప్పుడైనా ఆఖరికే కుట్టాలె, కుట్టినంత సేపు మాట్లాడొద్దు. మా అమ్మ గట్లనే చేసేది.

నేను నోరు కుడుతుంటె మా పక్కింటి చెల్లె వచ్చింది. నాతోని మిల్లుల పనిచేసే మనిషి. చర్చికి పోతది. వాకిట్లనుంచే పిలుసుకుంట వచ్చింది.

"అక్కా! ఓ అక్కా! ఏంది పలుకవు, చెవులు దొబ్బినయా?"

నేను ఆగుమని చెయ్యి ఊపిన.

"మూగనోము పట్టినవా ఏంది?"

దారం కొరికినంక చెప్పిన. "నోరు కుట్టేటప్పుడు మాట్లాడితె బొమ్మ వసపిట్ట అయితదంట. మా అమ్మ అనేది."

"అట్లనా? మరి నన్ను కనేటప్పుడు మా అమ్మ ఊరందరితోని మాట్లాడినట్టున్నది" అని పక్కున నవ్వింది.

ఇగ ఎంటికలు. మా దిక్కు ఆడోళ్లు తల దువ్వుకుంటె ఊడే చిక్కెంటికలు పారెయ్యరు. ఉండ చుట్టి గోడ సందుల పెడతరు. ఎంటికలు కొనేటోడు వచ్చినప్పుడు ఇచ్చి పిన్నీసులో గిన్నెలో తీసుకుంటరు. మా అమ్మ మాత్రం ఏ పిల్లకు బొమ్మ చేస్తె ఆ పిల్ల చిక్కెంటికలే బొమ్మ తలకు కుట్టేది. అట్ల కుడితె బొమ్మ ఆ పిల్లకు చెల్లె అయితది అనేది. నేను కూడ గట్లనే చేసిన. మనవరాలికి దువ్వినప్పుడల్ల ఊడిన ఎంటికలు దాచి, కడిగి, నీడకు ఆరబెట్టి, పాయలు తీసి ఒక్కొక్క పాయ సూదితోని దించిన. జడ అల్లిన. జడ కొసకు ఎర్రటి గుడ్డపీలిక కట్టిన.

బట్టలకు నా కొడుకు అంగి తీసిన. నీలం గీతల అంగి. పెట్టెలనే ఉండె, ఎవ్వరికి ఇయ్య బుద్ధి కాలే. దాన్ని కత్తిరించి కుచ్చిళ్లు పెట్టి లంగ కుట్టిన. చేతుల గుడ్డతోని రైక. తండ్రి గుడ్డ పిల్ల దగ్గర ఉంటది గదా అనుకున్న. మెడల కాలర్ నుంచి తీసిన దారానికి పూసలు గుచ్చి ఏసిన. అన్నీ అయినయి, బొట్టు కాడ ఆగిపోయిన. నా చేతులతోని నేనెట్ల పెడుత?

"చెల్లే, నీ మొగడు దుక్క లెక్క ఉన్నడు గద. నువ్వు పెట్టవే."

"నేనే పెట్టుకోను గదక్కా! మా పాస్టరు సూసిండంటె నన్ను, బొమ్మను ఇద్దరిని బయటికి ఎల్లగొడ్తడు."

"మరెట్లనే?"

"నువ్వు పెట్టొద్దు, నేను పెట్టను. పెండ్లయినంక దాని మొగడే పెడతడు తియ్యి."

మేమిద్దరం నవ్వుతుంటె పిల్ల వచ్చింది. మా ఇద్దరి మొఖాలు చూసింది. దేవుని కాడి కుంకుమ డబ్బల వేలు ముంచి బొమ్మ నొసటికి అద్ది, ఎత్తుకొని పోయింది. ఆ సెలవులు అది నా కొంగు అడగలే.

కోడలు తీసుకపోనీకి వచ్చిన రోజు బొమ్మను చూసింది. లంగ గుడ్డను గుర్తుపట్టింది. కుచ్చిళ్లను వేలితోని ఒకసారి నిమిరింది. బస్టాండుల పిల్ల నన్ను అడిగింది. "నాయనమ్మా, దీని లోపల ఏమున్నది?"

"నా పానం ఉన్నది బిడ్డా. నిద్రొచ్చినప్పుడు దీన్ని పట్టుకో, నన్ను పట్టుకున్నట్టె" అన్న.

ఏ నాయనమ్మ అయినా గదే అంటది గద. నేను గదే అన్న.

కోదాడ పోయినంక పిల్ల మంచిగ పండుతున్నదని కోడలు ఫోన్ల చెప్పింది. నాకు ఫోన్ లేదు. పక్కింటి చెల్లె సెల్లుకు చేస్తది, చెల్లె పరుగున తెచ్చి నా చెవికి పెడతది. బతుకమ్మ సెలవులకు మళ్ల పంపుతనని చెప్పింది. నేను పిల్ల కోసమని నువ్వులు, బెల్లం దాచిపెట్టిన.

ఆ ఏడే తెలంగాణ లొల్లిల బస్సులన్నీ బందయినయి. సెలవులు దగ్గరికొచ్చినయి గాని రోడ్డు మీద బస్సు లేదు. గప్పుడే ఫోనొచ్చింది. పిల్లకు జ్వరం, దవాఖానల పెట్టినమని. రక్తంల ఏదో తగ్గిందంట. ఎట్ల పోవాలె? ఆటో స్టాండు కాడికి పోయి అడిగితె, అంత దూరం ఎవ్వరు రామన్నరు. ఇంటికొచ్చి కూసున్న. మల్ల పోయిన. మల్ల ఇంటికొచ్చి కూసున్న. చెయ్యనీకి ఏమున్నది నాకు? ఫోన్ చేయించి అడుగుడే. కొన్ని దినాలకు జ్వరం దిగింది, ఇంటికి తెచ్చినమని కోడలు చెప్పింది. దేవునికి దండం పెట్టిన. ఆ తెల్లారే వియ్యపురాలు చేసింది. ఆమె ఎన్నడు నాకు ఫోన్ చేసే మనిషి కాదు.

"వదినా, మీరొకసారి రావాలి."

"పిల్లకు మంచిగనే ఉన్నదా వదినె?"

"ఫోన్లో చెప్పే విషయం కాదండీ. మీరు రండి. ఆ బొమ్మ సంగతి మాట్లాడాలి."

బొమ్మ సంగతి మాట్లాడనీకి ఏముంటదో నాకు సమజ్ కాలే. చినిగిందేమో, కుట్టుమంటరేమో అనుకొని సూది దారం కొంగున కట్టుకున్న. నేను ఒక్కదాన్నే పోతె ఆగమైతనని చెల్లె కూడ ఎంట వచ్చింది. హుజూర్‌నగర్ దాంక ఒక ఆటో, ఆడ బతిమిలాడి ఇంకో ఆటో. కోదాడ చౌరస్తల పోరగాండ్లు ఎవరిదో దిష్టిబొమ్మకు గడ్డి నింపుతున్నరు, తగలబెట్టనీకి. చెల్లె నా డొక్కల పొడిసింది. "అక్కా, నీకు ఈడ మస్తు పనున్నది. మిల్లు బంద్ పెట్టు." నేను కూడ నవ్విన. గంత తెలివిలేకుండ నవ్వుకుంట పోయిన ఆ ఇంటికి.

ఇంట్ల వరండల మనుషులు కూసున్నరు. కోడలి అన్న, వాడకట్టు పెద్దమనుషులు. నడుమ ఒకాయన, చేతికి దారాలు, నొసటికి పెద్ద బొట్టు. అంజనం చూసి చెప్పేటాయన అంట. ఆయన ముందల పీట మీద నా బొమ్మ. దాని నెత్తి మీద నిమ్మకాయ పెట్టిండ్రు. పిల్ల లోపలి గుమ్మం కాడ మంచం మీద ఒరిగి ఉన్నది, మెడ పుల్ల లెక్క అయింది. నేను దాని దిక్కు పోబోయిన. వియ్యపురాలు అడ్డం వచ్చింది. "ముందు ఇటు కూర్చోండి వదినా" అన్నది.

జ్వరంల పిల్ల బొమ్మ మీద కక్కుకున్నదంట. ఉతుకుదామని తడిపితె జడల నుంచి ఒక పాయ ఊడి చేతుల పడ్డదంట. దుకాణంల దొరికే నల్లదారం కాదు, మనిషి ఎంటికలు. వియ్యపురాలు కెవ్వుమన్నదంట.

"ఈ వెంట్రుకలు ఎవరివి?" అడిగిండు ఆయన.

"పిల్లవే అయ్యా. దువ్వితె ఊడినయి."

"విన్నారుగా. తనే ఒప్పుకుంటోంది."

చెల్లె ఊరుకోలే. "ఒప్పుకునుడేందయ్యా, దొంగతనం చేసిందా? ఊడినయి పెట్టింది గాని పిల్లకు గుండు కొట్టిచ్చిందా?"

"నువ్వెవరమ్మా?"

"పక్కింటిదాన్ని."

"మొగుడున్నాడా?"

"ఉన్నడు. నిన్ననే కొట్లాడిన."

"మరి బొట్టు లేదేం?"

"మేం పెట్టుకోం."

వాళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. నొసట బొట్టు లేని ఆడోళ్లం ఇద్దరం పక్కపక్కన కూసొని ఉన్నం.

బట్ట ఎవరిదని అడిగిండు. నేను చెప్పకముందే వియ్యపురాలు కూతురి దిక్కు చూసింది. నా కోడలు తల వంచుకొని, "ఆయన అంగీ" అన్నది. పోయినోని బట్ట, బతికున్న పిల్ల ఎంటికలు. ఎవరో ఛీ ఛీ అన్నరు. అప్పుడు ఆయన మంచం దిక్కు తిరిగి పిల్లను పిలిచిండు.

"పాపా, భయపడకు. బొమ్మ ఇచ్చేటప్పుడు నానమ్మ ఏమంది?"

పిల్ల నన్ను చూసింది. మెచ్చుకుంటననుకున్నదేమో, మంచిగ గుర్తువెట్టుకొని చెప్పింది. "నానమ్మ ప్రాణం బొమ్మలో ఉందంట. పట్టుకుంటే నానమ్మని పట్టుకున్నట్టేనంట."

నాకు అప్పుడు సమజైంది. వాళ్లు నోరు తెరిచి అనలే గాని అందరి మొఖాల మీద ఉన్నది ఆ మాట. బాణామతి. ఆ మాట ఒంటరి ఆడదాని మీద పడితె ఏమయితదో మా దిక్కు ఎవ్వరినడిగినా చెప్తరు. చెట్టుకు కట్టి నోట్ల పండ్లు రాలగొట్టిన ఊర్లున్నయి. నా పండ్లు పోతె పోనీ. నా కండ్ల ముందల తిరిగింది సెలవులు.

"వదినె, మా దిక్కు పానం అంటె గట్ల కాదు" అన్న. "పానం బాగలేదంటె జ్వరమొచ్చిందని. కూర మంచిగుంటె పానం పెట్టి వండిందంటరు. పిల్లంటె నాకు పానం అంటె, ప్రేమ అని. అన్నిటికి గదొక్కటే మాట మాకు. ఇంకో మాట రాదు నాకు."

చెప్పినకొద్ది పానం పానం అని ఆ మాటనే వస్తున్నది నా నోటెంబడి. అంటున్నకొద్ది వాళ్లు ఇంక బెదురుతున్నరు. ఎట్ల చెప్పాలె?

"కట్టిన చేతులే విప్పాలి. మేం ముడితే మా మీదికొస్తుంది" అన్నడు ఆయన.

చెల్లె లేచి, "నడువక్కా పోదాం, వీళ్లకేం పట్టింది" అన్నది. నేను లేవలే. లేస్తె ఇగ ఈ గడప తొక్కనియ్యరు. విప్పితె పంపుతరేమో.

బొమ్మను ఒళ్లెకు తీసుకున్న. తడిసి ఆరి గట్టిగయింది. ముందుగాల పూసలు తీసిన. రైక ఇప్పిన. లంగ నాడ ఇప్పిన. పిల్ల మంచం మీదికెల్లి, "దానికి సలేస్తది" అన్నది, ఆ మాట మాత్రం మా దిక్కు మాటనే. ఎవరో పిల్లను లోపలికి తీసుకపోబోయిండ్రు. చూడాలె, భయం పోతది అన్నడు ఆయన. సూదితోని ఒక్కొక్క పాయ పెట్టిన ఎంటికలను అదే సూదితోని ఒక్కొక్క పాయ లేపిన. నోరు ఇప్పిన, కండ్లు ఇప్పిన. ముక్కు ఒక్కటే కుట్టు, కొరకంగనే పడిపోయింది. మెడ దారం తెంపితె దూది వచ్చింది. కింది సంచి చించితె ఊక రాలింది. వాళ్లందరు ముందుకు వంగి చూసిండ్రు. ఊకల వేలు పెట్టి వెతికిండు ఆయన. ఏముంటది? ఊకనే ఉన్నది.

"తీసేసి ఉంటది" అన్నది వెనుకల ఒకామె.

అన్నీ కలిపి కాలవల వెయ్యుమన్నడు. కుప్ప చేస్తుంటె నా కోడలు వచ్చి వంగింది. లంగ గుడ్డ మాత్రం తీసుకొని, మడిచి, నడుముల దోపుకున్నది. వాళ్లమ్మ "ఏమే!" అని అరిచింది. ఆమె లోపలికి పోయింది.

లేచేటప్పుడు అడిగిన. "వదినె, సెలవులకు పిల్లను పంపుతరా?"

"చూద్దాంలెండి" అన్నది. మా దిక్కు అయితె మొఖం మీదనే పంపం పో అంటరు. నేను తిట్టి పోయేదాన్ని. చూద్దాం అంటె ఏం తిడుత?

పిల్ల ఆ తర్వాత మంచిగయింది. జ్వరం అప్పటికే దిగింది, దవాఖానల మందులకు దిగింది. కాని బొమ్మ విప్పినంక మంచిగయిందని అందరు అన్నరు. పిల్ల బాగయినందుకే నేను బాణామతి చేసినట్టు రుజువైంది. బాగుకాకుంటె బాగుండునని ఎట్ల కోరుకుంట నేను?

బతుకమ్మ పోయింది. ఎండాకాలం పోయింది. ట్యూషన్లన్నరు, పరీక్షలన్నరు. ఇంకో ఎండాకాలం కూడ పోయింది. పిల్ల పెద్దగయి గుర్తు పడతదో లేదో అని భయమైంది. ఒకసారి చెల్లె సెల్లు నుంచి చేయిస్తె పిల్లనే ఎత్తింది.

"నానమ్మా, బాగున్నావా?"

"బాగున్న బిడ్డా. నిన్ను సూడనీకి రావాల్నా?"

"వస్తే నన్ను ముట్టుకోవు కదా?" అన్నది.

"ముట్టనమ్మా" అన్న. "దూరంగనే కూసుంట."

ఆ తెల్లారి బస్సెక్కి కోదాడ పోయిన. వియ్యపురాలు ఛాయ ఇచ్చింది, కుర్చీ ఏసింది. నేను కుర్చీల కూసోలే, గడప కాడ కూసున్న. పిల్ల లోపలి మంచం మీద కాళ్లు ముడుచుకొని కూసొని, బడిల ఎవరు కొట్లాడిండ్రు, ఎవరికి ఎన్ని మార్కులొచ్చినయి, అన్ని ముచ్చట్లు చెప్పింది. మస్తు మాట్లాడుతది ఇప్పుడు. నేను చేతులు రెండు ఒళ్లె పెట్టుకొని విన్న. కోడలు రెండు మూడు సార్లు అటు ఇటు పోయింది, "పోయి నాయనమ్మ పక్కన కూసో" అంటదేమో అని చూసిన. అనలే.

ఇప్పటికి గట్లనే పోతున్న, సెలవులు వచ్చినప్పుడల్ల. అది రాదు కాబట్టి నేనే పోతున్న. గడప కాడ కూసుంట, అది చెప్తది, నేను వింట. ఆఖరి బస్సు వేళకు లేచి, పోయొస్త బిడ్డా అంట. అది ఆడికెల్లే చెయ్యి ఊపుతది.